రెండు లూపుల లోపలి నుంచి ఒకేసారి బయటికి రావాలంటే గోటూ వాడకూడదా?

ఏడురోడ్ల_జంక్షన్ (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. బీటెక్ రెండో ఏడు చదువుతున్నాను. సీ ల్యాబ్‌లో ఒక లెక్క ఇచ్చారు. హాజరు పట్టీ రెండు కొలతల అర్రేగా ఉంటుంది: వరసకో విద్యార్థి, గడికో రోజు. సున్నా అంటే ఆ రోజు రాలేదని. మొట్టమొదటి సున్నా ఏ వరసలో, ఏ గడిలో ఉందో ముద్రించాలి. నేనిలా రాశాను:

ఫర్ (వ = 0; వ < మంది; వ++)
    ఫర్ (గ = 0; గ < రోజులు; గ++)
        ఇఫ్ (పట్టీ[వ][గ] == 0)
            గోటూ దొరికింది;
ప్రింట్ఎఫ్("ఎవరూ మానలేదు");
రిటర్న్ 0;
దొరికింది:
ప్రింట్ఎఫ్("%డి %డి", వ, గ);

జవాబు సరిగ్గానే వచ్చింది. అయినా గోటూ (చెప్పిన లేబుల్ దగ్గరికి నేరుగా దూకించే ఆదేశం) ఉందని మార్కులు వెయ్యలేదు. ఫ్లాగ్ (దొరికిందా లేదా అని గుర్తుంచుకునే వేరియబుల్) పెట్టి మళ్లీ రాయమన్నారు. అలా రాస్తే రెండు ఫర్ షరతుల్లోనూ ఫ్లాగ్ చూడాలి. పైగా ఫ్లాగ్ ఒకటయ్యాక కూడా గ++, ఆ తర్వాత వ++ చెరొకసారి జరిగిపోతాయి. అందుకని ముద్రించే ముందు రెండింటిలోంచీ ఒక్కోటి తీసేయాలి. చదవడానికి ఏది తేలికో ఎవరైనా చెప్పగలరు.

నా ప్రశ్నలు రెండు. వాడకూడనిదైతే భాషలో ఎందుకు ఉంచారు? లూప్‌ని మధ్యలో ఆపే బ్రేక్ కూడా లోపల్లోపల గోటూయే కదా, దానికి లేని దోషం దీనికెందుకు?

---

వంశధార_మాస్టారు (నరసన్నపేట)

మంచి ప్రశ్నలమ్మా. నేను సీ చెప్పేవాణ్ణే. ముందు ఈ నిషేధం ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్తాను.

1968 మార్చిలో ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా అనే కంప్యూటర్ శాస్త్రవేత్త ఏసీఎం (కంప్యూటర్ నిపుణుల సంఘం) పత్రికకి గోటూ హానికరమంటూ ఒక లేఖ రాశాడు. ఆ ప్రసిద్ధ శీర్షిక ఆయన పెట్టింది కాదు, అప్పుడు సంపాదకుడిగా ఉన్న నిక్లాస్ విర్త్ పెట్టింది. చాలామంది ఆ శీర్షిక దగ్గరే ఆగిపోతారు. లోపలున్న వాదన వేరు. నడుస్తున్న ప్రోగ్రామును ఒక క్షణంలో ఆపి 'ఇప్పుడు ఎక్కడున్నావు' అని అడిగామనుకో. వరసగా నడిచే చోట లైను నంబరు చెప్తే చాలు. ఫంక్షన్లుంటే ఎవరు ఎవర్ని పిలిచారో ఆ వరస కూడా చెప్పాలి. లూప్ ఉంటే ఎన్నో చుట్టో చెప్పాలి. ఈ మూడింటితో ప్రోగ్రాం ఎంతవరకు నడిచిందో పూర్తిగా చెప్పేయొచ్చు. గోటూని ఇష్టమొచ్చినట్టు వదిలేస్తే ఈ గుర్తులేవీ పనిచెయ్యవు. ఒక లేబుల్ దగ్గర నిలబడి 'ఇక్కడికి ఎలా వచ్చాను' అంటే జవాబుండదు. ఆయన బాధ అది.

అంతకు రెండేళ్ల ముందే, 1966లో, బోమ్, యకోపీని అనే ఇద్దరు వరస, ఎంపిక, పునరావృతం ఈ మూడింటితో ఏ ఫ్లోచార్టునైనా రాయొచ్చని నిరూపించారు. పాఠాల్లో చెప్పే 'ఒకే ద్వారంలో లోపలికి, ఒకే ద్వారంలో బయటికి' అన్న సూత్రానికి బలం అక్కడిదే. కాకపోతే ఆ నిరూపణకి అదనపు వేరియబుళ్లు కావాలి. నీ చేత పెట్టించిన ఫ్లాగ్ అదే.

మొదటి, రెండో ఏడు పిల్లలకి గోటూ లేకుండా రాయడం అలవాటు చెయ్యాలన్నదే నా మాట. ఆ అలవాటు లేనివాళ్లు చిన్న చిక్కు రాగానే వెనక్కి దూకేస్తారు. ఏటా పేపర్లు దిద్దుతూ చూస్తున్నాను.

---

బొబ్బిలి_పాతకాపు (బొబ్బిలి)

మాస్టారు చెప్పిన 'ఎలా వచ్చాను' అన్నది ఈ తరానికి అనుభవంలో లేదు. నేను ఫోర్ట్రాన్ అనే పాత భాషలో కార్డుల మీద పంచ్ చేసి ఉద్యోగం చేసినవాణ్ణి కాబట్టి చెప్తాను.

అప్పట్లో 'ఇఫ్ (ఎక్స్) 10, 20, 30' అని రాసేవాళ్లం. ఎక్స్ సున్నా కన్నా తక్కువైతే 10కి, సున్నా అయితే 20కి, ఎక్కువైతే 30కి పోవాలి. ఎల్స్ లేదు, బ్లాకు లేదు. అలాంటి ప్రతి ఇఫ్ మూడు గోటూలన్నమాట. ఇంకొకటుండేది: ఒక పూర్ణాంక వేరియబుల్లో లేబుల్ నంబరు దాచుకుని, తర్వాత ఆ వేరియబుల్ చెప్పిన చోటికి దూకడం. కాగితం మీద ఎంతసేపు చదివినా అది ఎక్కడికి పోతుందో తెలిసేది కాదు.

అన్నిటికన్నా ఘోరం చెప్తాను వినండి. 1966 నాటి ఫోర్ట్రాన్ ప్రమాణంలో డూ లూప్ (సీలో ఫర్ లాంటిది) మధ్యలోంచి బయటికి దూకి, అక్కడేదో పని చేసుకుని, మళ్లీ ఆ లూప్ మధ్యలోకే తిరిగి దూకడానికి అనుమతి ఉండేది. 77 ప్రమాణంలో తీసేశారు. డైక్‌స్ట్రా లేఖ రాసిన నాటి గోటూ ఇదీ. ఈ అమ్మాయి రాసింది కిందికి దూకేది, ఒక్కసారే దూకేది, పేరున్న చోటికి దూకేది. రెండింటినీ ఒకే గాట కట్టడం అన్యాయం.

---

ఏడురోడ్ల_జంక్షన్ (శ్రీకాకుళం)

లూప్ మధ్యలోకి తిరిగి దూకడమా! కౌంటర్ విలువ ఏముంటుందండీ అప్పుడు?

---

బొబ్బిలి_పాతకాపు (బొబ్బిలి)

వదిలిన విలువే ఉండాలమ్మా, బయట దాన్ని ముట్టుకోకూడదన్నది నియమం. పాటించామో లేదో చూసుకోవాల్సింది మనమే.

---

పలాస_కాటా (పలాస)

మాది పలాస. జీడి ఫ్యాక్టరీలకి తూకం మిషన్లు, వాటి లెక్క రాసే సాఫ్ట్‌వేరూ పెడతాను. పిక్కల బస్తా కాటా మీద పెడితే బరువు సీరియల్ పోర్టులో వస్తాది, ఫైల్లోకి ఎక్కుతాది. ఎనభై కిలోల బస్తాకి తూకం తేడా వస్తే రైతుకీ యజమానికీ గొడవే. కాబట్టి కోడు తేలిగ్గా తీసుకునేది కాదు. నా సీ కోడులో గోటూ ఉంది, తియ్యను కూడా. ఎందుకో చూడండి:

పోర్టు = పోర్టు_తెరు();
ఇఫ్ (పోర్టు < 0) రిటర్న్ -1;
లాగ్ = ఎఫ్ఓపెన్("తూకం.లాగ్", "ఏ");
ఇఫ్ (!లాగ్) గోటూ పోర్టు_మూయి;
బఫర్ = మాలాక్(సైజు);
ఇఫ్ (!బఫర్) గోటూ లాగ్_మూయి;
ఫలితం = తూకాలు_చదువు(పోర్టు, లాగ్, బఫర్);
ఫ్రీ(బఫర్);
లాగ్_మూయి:
ఎఫ్‌క్లోజ్(లాగ్);
పోర్టు_మూయి:
క్లోజ్(పోర్టు);
రిటర్న్ ఫలితం;

ఫలితం మొదట -1 పెట్టుకుంటాను. తెరిచిన వరసకి సరిగ్గా తలకిందుల వరసలో మూసుకుంటూ రావాల. మూడోది ఆగిపోతే రెండు మూయాల, రెండోది ఆగిపోతే ఒకటి మూయాల. ఇదే ఇఫ్ లోపల ఇఫ్ పెట్టి రాస్తే అసలు పని కుడి అంచుకి పోద్ది. ప్రతి చోటా రిటర్న్ పెడితే మూసే లైన్లు రెండు మూడు సార్లు రాయాల, కొత్తది చేర్చినప్పుడు ఎక్కడో ఒకచోట మరిచిపోతాం. పోర్టు మూయకపోతే మళ్లీ తెరవనివ్వదు, లారీ గేటు దగ్గర ఆగిపోద్ది. లినక్స్ కెర్నెల్ కోడింగ్ నియమాల్లో కూడా ఇలాటి చోట గోటూ వాడమనే ఉంది, లేబుల్ పేరు అది చేసే పనిని చెప్పాలని కూడా రాశారు.

---

రాజాం_టెస్టర్ (రాజాం)

నేను కార్లలో వాడే కంట్రోలర్ల కోడు పరీక్షిస్తాను. మిగతావాళ్లకి నచ్చకపోవచ్చు గానీ నా అనుభవం వేరు.

మా రంగంలో సీ ఎలా రాయాలో చెప్పే మిస్రా నియమాలే ప్రమాణం. 2004 ప్రతిలో గోటూ పూర్తిగా నిషేధం, కంటిన్యూ (ఈ చుట్టు వదిలేసి తర్వాతి చుట్టుకి పోవడం) కూడా నిషేధమే, ఒక లూపుకి బ్రేక్ ఒకటికి మించకూడదు. నాసా జెట్ ప్రొపల్షన్ ల్యాబ్‌లో గెరార్డ్ హోల్జ్‌మన్ 2006లో పెట్టిన పది నియమాల్లో మొట్టమొదటిదే గోటూ వద్దని. రెండోది నాకు ఇంకా ఇష్టం: ప్రతి లూపూ గరిష్ఠంగా ఎన్ని చుట్లు తిరుగుతుందో కోడు చూసి నిరూపించగలగాలి.

ఇవి చాదస్తాలు కావు. 2014 ఫిబ్రవరిలో ఆపిల్ హడావిడిగా ఐఓఎస్ 7.0.6 విడుదల చేసింది గుర్తుందా? సురక్షిత కనెక్షన్ సంతకం సరిచూసే ఫంక్షన్లో 'గోటూ ఫెయిల్;' అన్న లైను పొరపాటున రెండుసార్లు పడింది. మొదటిది ఇఫ్‌కి చెందుతుంది. రెండోది దేనికీ చెందదు, ప్రతిసారీ నడుస్తుంది. దాని కిందున్న అసలు తనిఖీ ఎప్పుడూ జరగలేదు. అప్పటికి లోపం కోడు సున్నాగానే ఉండటంతో 'అంతా బాగుంది' అన్న జవాబు తిరిగొచ్చేది. పలాస అన్న చూపించిన పద్ధతీ అదే కదా.

---

పలాస_కాటా (పలాస)

పద్ధతి అదే, ఒప్పుకుంటాను. తప్పు మాత్రం గోటూది కాదు తమ్ముడూ, మీసాల బ్రాకెట్లు పెట్టకపోవడానిది. ఆ రెండో లైను 'రిటర్న్ ఎర్రర్;' అయినా తనిఖీ అలాగే ఎగిరిపోయేది. బ్రాకెట్లు తప్పనిసరి చేసిన భాషలో ఆ తప్పు అలా దాక్కోలేదు. గో, రస్ట్ చేసినది అదే.

బ్రేక్ సంగతి కూడా చూడు. 1990 జనవరి 15న అమెరికాలో ఏటీ అండ్ టీ దూరవాణి వ్యవస్థ సుమారు తొమ్మిది గంటలు కుప్పకూలింది. ఆ కోడు సీలోనే రాశారు. సీలోని స్విచ్ (విలువను బట్టి దారి ఎంచుకునే ఆదేశం) లోపల ఇఫ్, ఆ ఇఫ్ లోపల బ్రేక్. అది అనుకున్నంత వరకే ఆగకుండా మొత్తం స్విచ్ దాటి బయటికి తీసుకుపోయింది. అక్కడ గోటూ అన్న మాటే లేదు. దూకే చోటు రాసి ఉంటే ఎవరో ఒకరు ముందే పట్టుకునేవాళ్లేమో.

---

రాజాం_టెస్టర్ (రాజాం)

బ్రాకెట్ల మాట నిజమే. 2012 మిస్రాలో కూడా కొంత మారింది, అది చెప్పాలి. గోటూ ఇప్పుడు 'వాడకపోతే మంచిది' అన్న సలహా స్థాయికి దిగింది. వాడితే మాత్రం రెండు షరతులు తప్పనిసరి: లేబుల్ అదే ఫంక్షన్లో కిందనే ఉండాలి, గోటూ ఉన్న బ్లాకులో గానీ దాన్ని చుట్టి ఉన్న బ్లాకులో గానీ ఉండాలి. అంటే వెనక్కి దూకకూడదు, ఇంకో బ్లాకు లోపలికి దూకకూడదు. కంటిన్యూ మీద నిషేధం ఎత్తేశారు. చెల్లి రాసిన కోడు ఈ రెండు షరతులకీ లోబడే ఉంది.

---

గంటస్తంభం_దగ్గర (విజయనగరం)

ఆలస్యంగా వచ్చాను. కంపైలర్ పని చేస్తుంటాను, ఈ విషయమంటే ప్రాణం.

గోటూ మంచిదా చెడ్డదా అని కొట్టుకుంటే ఎక్కడికీ పోలేం. లూప్ నుంచి బయటికి వచ్చేటప్పుడు 'ఎక్కడికి' అన్నది చెప్పే వీలు భాష ఇస్తుందా లేదా అని అడగాలి. సీ ఇవ్వదు. బ్రేక్ అంటే 'నన్ను చుట్టి ఉన్న దగ్గరి లూప్ లేదా స్విచ్' అంతే. ఒకే మాటకి రెండు పనులు అప్పజెప్పడం సీలో పెద్ద లోపమని నా అభిప్రాయం. వైల్ లోపల స్విచ్ పెట్టి, అందులోంచి వైల్‌ని ఆపాలంటే ఫ్లాగ్ అయినా పెట్టాలి, గోటూ అయినా రాయాలి.

దీని వెనక గట్టి గణితం ఉంది. మీరంతా గ్రాఫుల్లో చదువుకునే కొసరాజు అల్గారిథం తెలుసుగా? ఆ ఎస్. రావు కొసరాజు మన ఆంధ్రా యూనివర్సిటీలో ఇంజనీరింగ్ చదివినవారు. 1974లో ఆయన ప్రచురించిన పరిశోధనా పత్రమొకటి సరిగ్గా ఈ చర్చ మీదే. అదనపు వేరియబుళ్లు చేర్చకుండా ఒక ఫ్లోచార్టును వట్టి ఇఫ్, వైల్‌లతో రాయాలంటే, అందులో రెండు వేర్వేరు దారుల్లో బయటికొచ్చే లూప్ ఉండకూడదు. ఇప్పుడు ఈ అమ్మాయి లెక్క చూడండి. సున్నా దొరికితే ఒక దారి, పట్టీ అయిపోతే ఇంకో దారి. బయటికి రెండు దారులు! ఫ్లాగ్ లేకుండా రాయలేకపోవడం ఆమె చేతకానితనం కాదు, అది సిద్ధాంతం.

ఆయన ఇంకో మెట్టు ఎక్కారు. రెండు లూపులు దాటించే బ్రేక్ చేసే పనిని ఒక లూపు దాటించే బ్రేక్‌తో, అదనపు వేరియబుల్ లేకుండా, ప్రతిసారీ చెయ్యలేం. మూడు దాటించేదాన్ని రెండు దాటించేదానితో చెయ్యలేం. ఇలా ఎన్ని మెట్లెక్కినా పైది కిందిదానికన్నా బలమైనదే. మరి భాషలో ఒక్క మెట్టే ఇచ్చి 'ఇది చాలు' అనడం ఎలా సబబు?

జావాలో గోటూ అన్న మాటను రిజర్వు చేసి పెట్టారు, పని మాత్రం ఇవ్వలేదు. దాని బదులు లూపుకి పేరు పెట్టనిచ్చారు:

పట్టీ_చూడు:
ఫర్ (...)
    ఫర్ (...)
        ఇఫ్ (పట్టీ[వ][గ] == 0)
            బ్రేక్ పట్టీ_చూడు;

ఆ పేరు బ్రేక్‌ని చుట్టి ఉన్నదానిదే అయ్యుండాలి. కాబట్టి వెనక్కో పక్కకో దూకే ప్రమాదం లేదు. డైక్‌స్ట్రా అడిగిన 'ఎక్కడున్నావు'కి జవాబు చెడదు. అడాలో, గోలో, రస్ట్‌లో, కాట్లిన్‌లో, స్విఫ్ట్‌లో ఇదే దారి. గో అయితే గోటూని కూడా ఉంచింది, కానీ ఒక బ్లాకు బయటి నుంచి లోపలికి దూకనివ్వదు, మధ్యలో వేరియబుల్ ప్రకటన దాటనివ్వదు.

---

వంశధార_మాస్టారు (నరసన్నపేట)

కొసరాజు గారి పత్రం సంగతి బాగా గుర్తు చేశారు. పీహెచ్‌పీలో, షెల్ స్క్రిప్టులో 'బ్రేక్ 2' అని అంకె వేస్తే సరిపోతుంది కదా, పేర్లెందుకు?

---

గంటస్తంభం_దగ్గర (విజయనగరం)

అంకె ప్రమాదం మాస్టారూ. రేపు ఎవరో మధ్యలో ఇంకో లూప్ చుడతారు. బ్రేక్ 2 అప్పుడు వేరే లూపుని ఆపుతుంది, కంపైలర్ కిక్కురుమనదు. పేరైతే ఎన్ని లూపులు చుట్టినా అదే చోటికి తీసుకెళ్తుంది.

వెబ్ అసెంబ్లీలో (బ్రౌజర్లలో నడిచే కోడు రూపం) మాత్రం అంకెలే. అక్కడ గోటూ లేదు. బ్లాక్, లూప్, బీఆర్ (దూకే ఆదేశం) లాంటివే. బీఆర్‌కి ఇచ్చే అంకె లోపలి నుంచి బయటికి లెక్కిస్తే ఎన్నో బ్లాకో లూపో చెప్తుంది. గురి బ్లాక్ అయితే దాని చివరికి, లూప్ అయితే దాని మొదటికి పోతుంది. అంటే ఒకే ఆదేశం బ్రేక్ పనీ కంటిన్యూ పనీ చేస్తుంది. చాలా అందమైన డిజైన్. అది కంపైలర్ రాసే కోడు, మనుషులు మధ్యలో చెయ్యి పెట్టరు కాబట్టి అంకెలు సరిపోతాయి. సీలో అడ్డదిడ్డంగా గోటూలుంటే వాటిని ఈ రూపంలోకి మార్చడానికి కంపైలరే ఒక వేరియబుల్ పుట్టించుకోవాల్సి వస్తుంది. ఫ్లాగ్ అక్కడ కూడా తప్పలేదు!

---

చీపురుపల్లి_పైథాన్ (చీపురుపల్లి)

ఇంతమంది ఉండి ఎవరూ అనలేదు: ఆ రెండు లూపుల్నీ ఒక ఫంక్షన్లో పెట్టి, దొరకగానే రిటర్న్ చెయ్యొచ్చుగా? నేను పిల్లలకి పైథాన్ చెప్తాను, నా మొదటి సలహా అదే.

పైథాన్‌లో లూపులకి పేర్లు పెడదామని 2007లో ఒక ప్రతిపాదన వచ్చింది, 3136వ నంబరుది. గైడో వాన్ రోసమ్ తిరస్కరించారు. అంత చిక్కు కోడు అరుదనీ, అలాంటి చోట చాలాసార్లు ఫంక్షన్‌గా విడదీసి రిటర్న్ వాడుకోవచ్చనీ, పేర్లు ఇస్తే దుర్వినియోగం ఎక్కువవుతుందనీ ఆయన అన్నారు. నాకది సబబుగానే అనిపిస్తుంది. ఫంక్షన్‌కి ఒక పేరొస్తుంది, విడిగా పరీక్షించుకోవచ్చు.

పైథాన్ ఇచ్చిన ఇంకో వసతి ఫర్‌కి ఎల్స్. బ్రేక్ కాకుండా లూప్ పూర్తయితేనే ఎల్స్ నడుస్తుంది. విజయనగరం అన్న చెప్పిన రెండు దారుల్లో రెండోదానికి ఇల్లు కట్టించినట్టే. ఒకే లూపుకి బాగుంటుంది. రెండు లూపులకి మాత్రం ఎల్స్‌లో కంటిన్యూ, దాని కింద బ్రేక్ అని రాయాలి. అది నేను పిల్లలకి చూపించను.

---

పలాస_కాటా (పలాస)

ఫంక్షన్ మాట బాగుందండీ, చాలాచోట్ల నేనూ అదే చేస్తాను. కానీ లోపలి లూప్ బయటి వేరియబుళ్లు అయిదారు మారుస్తుంటే అన్నిటికీ పాయింటర్లు పంపాల. అప్పుడు పేరున్న బ్రేకే నయం. సీలో అది లేదు కాబట్టి గోటూ.

---

వంశధార_మాస్టారు (నరసన్నపేట)

ఒక సంగతి చేర్చాలి. 1983లో సోలోవే, బోనార్, ఎర్లిక్ విద్యార్థుల మీద ఒక అధ్యయనం చేశారు. లూప్ మధ్యలోంచి బయటికొచ్చే వసతి ఉన్న పాస్కల్ రకం ఒకటి తయారుచేసి ఇచ్చారు. విలువ చదువు, చివరి గుర్తు అయితే బయటికి రా, లేకపోతే కలుపు — ఇలా మధ్యలో నిర్గమం ఉన్న లెక్కల్ని ఆ భాషలో రాసినవాళ్లే మామూలు పాస్కల్‌లో రాసినవాళ్లకన్నా ఎక్కువ మంది సరిగ్గా రాశారు. వైల్‌తో రాస్తే చదివే లైను లూపుకి ముందొకసారి, లూప్ చివర ఇంకోసారి రాయాలి, పిల్లలు తడబడేది అక్కడే. అందుకే నా క్లాసులో బ్రేక్‌కి అభ్యంతరం లేదు. గోటూ విషయంలో మొదటి రెండేళ్లూ నా మాట నాదే. పలాస బాబు కోడు మూడో ఏడు వాళ్లకి చూపిస్తాను, అభ్యంతరం లేకపోతే.

---

పలాస_కాటా (పలాస)

అయ్యో, చూపించండి మాస్టారూ.

---

ఏడురోడ్ల_జంక్షన్ (శ్రీకాకుళం)

అందరికీ చాలా థాంక్స్. చీపురుపల్లి అక్క చెప్పినట్టు ఫంక్షన్‌గా మార్చాను. వైవాలో అడిగితే రెండు దారుల సిద్ధాంతం చెప్తాను.

ఇంట్ మొదటి_సున్నా(ఇంట్ మంది, ఇంట్ రోజులు, ఇంట్ పట్టీ[మంది][రోజులు], ఇంట్ *గడి)
{
    ఫర్ (ఇంట్ వ = 0; వ < మంది; వ++) {
        ఫర్ (ఇంట్ గ = 0; గ < రోజులు; గ++) {
            ఇఫ్ (పట్టీ[వ][గ] == 0) {
                *గడి = గ;
                రిటర్న్ వ;
            }
        }
    }
}

---

రాజాం_టెస్టర్ (రాజాం)

బ్రాకెట్లన్నీ పెట్టావు, సంతోషం. సున్నా దొరకని దారి ఏమైంది? చివర రిటర్న్ లేదు. ఎవరూ మానకపోతే పిలిచినచోట ఏ విలువ వస్తుందో ఎవరూ చెప్పలేరు. 'రిటర్న్ -1;' చేర్చు. పిలిచినచోట గడిని చూసే ముందు -1 కాదని సరిచూసుకో.

---

ఏడురోడ్ల_జంక్షన్ (శ్రీకాకుళం)

చేర్చాను అన్నా. అన్నీ ఒకట్లే ఉన్న పట్టీతో కూడా నడిపి చూశాను, -1 వస్తోంది.